ఏడు షిల్లింగులు ఎక్కువ

సాయంత్రం ఆరున్నరకి గల్లా లెక్కపెడితే
ఏడు షిల్లింగులు ఎక్కువొచ్చాయి.
తక్కువైతే ఏముంది, నా సంచీలోంచి వేస్తాను,
పదకొండేళ్లుగా వేస్తూనే ఉన్నాను.
ఎక్కువైతే ఎవరికివ్వను?
కొండెలే స్టాండులో దిగిపోయిన ఏ చేతిని వెతకను?

కిసుములో మా మినీబస్సుల సహకార సంఘమంటే
ఒక రేకుల గది, ఒక కిటికీ, ఆ కిటికీకి నేను.
బల్ల మీది అద్దం కిందనుంచి
రెండు కాగితాలు నెల్లాళ్లు నన్ను చూశాయి.

ఒకటి లండన్ వాళ్లది. నున్నటి కాగితం,
నవ్వే పిల్లలు, వాళ్ల వెనక గాజు మేడలు.
"అది చేతిలో ఉంటే ఏ విమానాశ్రయంలో దిగినా ఉద్యోగమే"
అంటాడు నైరోబీ నుంచి మా పిన్ని కొడుకు అధోలా.
రుసుము పౌన్లలో.
నేను టీ తాగి గ్లాసు కడిగేలోపు
పౌను ఇంకో అర షిల్లింగు పెరిగింది.

రెండోది ఇక్కడిది. పలచటి కాగితం,
మడత దగ్గర చిరిగింది,
వరసగా పేపర్లు, మధ్యలో ముళ్లకంపలా మా పన్నుల చట్టం.
ఇప్పుడు వలలు అల్లుకుంటున్న ముసలి ఒగుటు
అప్పట్లో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాడట.
"అవీనో, ఊరి లెక్క ఊరి నీళ్లలోనే ఉడుకుతుంది" అన్నాడు.
నాకు అర్థం కాలేదు.
అయినట్టు తలూపాను.

లెక్కల మనిషిని కదా,
పేజీ మధ్యకి గీత కొట్టాను.
ఎడమ పక్క నా ముప్పై ఆరేళ్లు,
తొమ్మిదికి గాని చల్లారని పొయ్యి,
ఇద్దరు పిల్లల స్కూలు బూట్లు.
కుడి పక్క
ఏం రాయాలో తోచక కలం మూత నమిలాను.
పేజీ తర్వాత పేజీ
"వెనక పేజీ నుంచి తెచ్చిన నిలవ" అని రాసుకుంటూ పోయాను.

అప్పుడొచ్చింది జెరూషా,
కెరిచో దారిలో పోయిన డ్రైవర్ ఓకెల్లో భార్య.
పసుపుపచ్చ పాస్‌బుక్కు,
నెలకొకటి చొప్పున గ్రీజు వేలిముద్రలు.
అందులో నలభై రెండు వేలు.
మా ఆవర్జాలో ముప్పై ఆరు.

ఎక్కడ కొరికారో నాకు తెలుసు.
మార్చి నెల, అంకె మీద అంకె దిద్దిన చోటు.
వేరే సిరా. వేరే చెయ్యి.
ఆ చెయ్యి రోజూ నాకు నమస్తే చెబుతుంది.
ఛైర్మన్ గదిలోకి మోసుకెళ్లి చూపించాను.
ఆయన పుస్తకం మూసి, మర్యాదగానే అన్నాడు:
"ఆడిటర్ సంతకం పెట్టేశాడమ్మా. నువ్వు క్యాషియర్‌వి."

కాకిలెక్కకి సంతకం ఉంది.
నా కళ్లకి లేదు.

జెరూషా ఏడవలేదు.
పాస్‌బుక్కు సంచీలో పెట్టుకుని, మళ్లీ తీసి,
"మీ దగ్గరే ఉంచండి, మా ఇంట్లో వాన కురుస్తుంది" అంది.

ఆ రాత్రి ఫారం నింపాను. పలచటి కాగితం వాళ్లది.
దాన్ని ధైర్యమనకండి,
రుసుము షిల్లింగుల్లో ఉంది, అదీ ఒక కారణమే.
"జీవితాంతం సరస్సు గట్టునే కూచుంటావా?" అని
అధోలా ఫోను పెట్టేశాడు.

నున్నటి కాగితం పారెయ్యలేదు.
కిటికీ పగిలిన చోట అంటించాను,
ఆ నవ్వే పిల్లల మీంచి వాన జారుతోంది.

పరీక్షకింకా ఐదు నెలలు.
మొదటి పాఠం చదువుతుంటే నిద్రొచ్చింది,
అబద్ధమెందుకు.

ఈ ఏడు షిల్లింగులూ ఒక కవర్లో వేసి
తేదీ రాశాను. పేరు చోట ఖాళీ.
పసుపుపచ్చ పాస్‌బుక్కు పక్కన పెట్టి
సొరుగుకి తాళం వేశాను.
ఒకసారి లాగి చూశాను,
పడిందో లేదోనని.